ఆ పక్షి తల్లిని తిట్టేముందు

మొన్న ఆదివారం పొద్దున్నే మా కుటుంబం గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. పంపింది మా చిన్న మరిది. మీలో చాలామంది చూసే ఉంటారు. ఇసుక మీద చచ్చిపడి ఎండిపోయిన పక్షి పిల్ల. ఈకలూ ఎముకలూ మిగిలాయి. కడుపు ఉండాల్సిన చోట మాత్రం రంగురంగుల సీసా మూతలు, ఒక సిగరెట్ లైటరు, ఇంకా ఏవేవో విరిగిన ప్లాస్టిక్ ముక్కలు. ఫోటో మీద ఎవరో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టారు: "తల్లి అజాగ్రత్త! ఏం పెడుతోందో చూసుకోకుండా బిడ్డ ప్రాణం తీసింది." దాని కింద మా మరిది సొంత వ్యాఖ్య: "అందుకే చెప్పేది, ఆడవాళ్ళు బజారుకెళ్ళేటప్పుడు గుడ్డసంచి పట్టుకెళ్ళాలని." ఇంక ఆ కింద వరసగా దణ్ణాలు, ఏడుపు బొమ్మలు. మా తోడికోడలు కూడా ఒక దణ్ణం పెట్టింది. పెట్టకపోతే బావుండదని, పాపం.

నేను పొయ్యి మీద ఇడ్లీలు పెట్టి వచ్చి కూర్చుని ఆ ఫోటో చూశాను. ఇడ్లీలు గట్టిపడిపోయాయి కానీ నేను లేవలేదు.

ఎందుకంత కోపం వచ్చిందో చెప్పాలంటే ఒక పాత సంగతి చెప్పాలి. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఊపిరి అందక గిలగిల్లాడింది. మొహం నీలంగా అయిపోయింది. ఆటో కోసం వీధిలోకి పరిగెత్తిన నాకు చెప్పులు లేవన్న సంగతి ఆసుపత్రి మెట్ల మీద గానీ తెలియలేదు. గొట్టం వేసి బయటికి తీస్తే చిన్న ప్లాస్టిక్ చక్రం, బఠాణీ గింజంత. చిరుతిళ్ళ ప్యాకెట్లో ఉచితంగా వచ్చిన బొమ్మకారుది. తినే ప్యాకెట్లో, తినే వాటి మధ్య, ఉప్పూ కారం అంటుకుని ఉన్న బొమ్మ. పిల్ల ప్యాకెట్లో చెయ్యి పెట్టింది, నోట్లో వేసుకుంది. నాలుగేళ్ళ పిల్ల ఇంకేం చేస్తుంది?

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో నేను విన్న మాటలు ఈనాటికీ చెవుల్లోనే ఉన్నాయి. "తల్లి కళ్ళు ఎక్కడ పెట్టుకుంది?" "ఇంట్లోనే ఉంటుంది కదా, ఒక్క పిల్లని చూసుకోలేకపోయిందా?" డాక్టరుగారు కూడా చీటీ రాస్తూ, "కాస్త జాగ్రత్తగా ఉండాలమ్మా" అన్నారు. తిండి ప్యాకెట్లో బొమ్మ ఎవడు పెట్టాడని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నాకూ అప్పుడు తోచలేదు. తప్పు నాదే అనుకుని ఏడ్చాను.

అందుకని ఆ పక్షి ఫోటో కింద "తల్లి అజాగ్రత్త" అన్న మాట చూడగానే అది నన్నే అన్నట్టు అనిపించింది. కోపంతో వదిలెయ్యకుండా ఆ పక్షి గురించి వారం రోజులు కూర్చుని చదివాను. మా అమ్మాయి కూడా సాయం చేసింది. చదివాక కోపం తగ్గుతుందనుకున్నాను, ఇంకా పెరిగింది.

ఆ ఫోటో తీసినాయన క్రిస్ జోర్డాన్ అనే అమెరికా ఫోటోగ్రాఫరు. 2009లో మిడ్‌వే అనే చోట తీశారు. ఒక్క ముక్కను కూడా జరపలేదని, ఎలా ఉన్నవాటిని అలాగే తీశానని ఆయన చెప్పుకున్నారు. తెలుగులో రాసిన ఆ మాట మాత్రం ఆయనది కాదు, మనవాళ్ళ చేర్పు. మిడ్‌వే పసిఫిక్ మహాసముద్రం మధ్యలో, హవాయిలోని హోనొలులుకి వాయవ్యంగా రెండు వేల కిలోమీటర్ల పైన ఉంటుంది. ఆసియాకీ అమెరికాకీ సగం దారిలో ఉంది కాబట్టే ఆ పేరు. 1942లో యుద్ధం జరిగిన చోటు. ఇప్పుడక్కడ ఊరు లేదు, బడి లేదు. పక్షుల్ని చూసుకునే ఉద్యోగులు, స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు కొద్దిమంది ఉంటారు. బజారు లేదు. గుడ్డసంచి పట్టుకుని వెళ్ళడానికి ఆడవాళ్ళూ లేరు, మరిదీ!

ఆ పిల్ల లేసాన్ ఆల్బట్రాస్ జాతిది. ఆ తల్లి ఎలాంటిదో వినండి. ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది, కొన్నేళ్ళు అదీ పెట్టదు. నవంబరు, డిసెంబరుల్లో పెట్టిన గుడ్డును రెండు నెలల పైన పొదుగుతారు. ఆడపక్షి, మగపక్షి వంతులేసుకుని పొదుగుతాయి. (ఈ వాక్యం మావారికి వినపడేలా రెండుసార్లు చదివాను.) పిల్ల పుట్టాక ఎగరడానికి అయిదారు నెలలు పడుతుంది. అన్నాళ్ళూ తల్లీ తండ్రీ వందల కిలోమీటర్లు, ఒక్కోసారి వేల కిలోమీటర్లు సముద్రం మీద ఎగిరి, స్క్విడ్‌లూ చేపగుడ్లూ ఏరుకుని, కడుపులో నింపుకుని వస్తాయి. వాటి కడుపే టిఫిన్ క్యారియరు. వచ్చి పిల్ల ముక్కులో ముక్కు పెట్టి కక్కి పోస్తాయి. మన ఇళ్ళలో పిల్లాడి డబ్బాలోకి రెండు పరోటాలు సర్దడానికే "అబ్బా, పొద్దున్నే ఎంత పనో" అనుకుంటాం.

మరి అంత దూరం వెళ్ళి ప్లాస్టిక్ ఎందుకు తెస్తుంది? బుద్ధి లేకనా? ఎగిరే చేపల వంటివి నీళ్ళలో తేలే వస్తువులకి గుడ్లు అంటిస్తాయి. చెక్కపేడుకి, అగ్నిపర్వతాల నుంచి వచ్చి తేలే నురగరాయికి, ఏది తేలుతూ కనిపిస్తే దానికి. ఆల్బట్రాస్ ఆ గుడ్ల కోసం ఆ తేలేదాన్ని మొత్తంగా మింగుతుంది. చెక్క వచ్చినా రాయి వచ్చినా పెద్ద ఇబ్బంది లేదు. పిల్ల ఎగిరిపోయే ముందు అరగని స్క్విడ్ ముక్కులూ రాళ్ళూ అన్నీ కలిపి ఒక ముద్దగా కక్కేస్తుంది. ఆ వంశంలో ఏ అమ్మమ్మకీ, ఏ ముత్తవ్వకీ తేలే వస్తువును అనుమానించాల్సిన అవసరం రాలేదు. ఆ తల్లి తన అమ్మ నేర్పిన వంటే చేస్తోంది. సరుకు మార్చేసింది ఇంకొకరు.

ఇంకో సంగతి చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. ఆల్బట్రాస్‌లకు చుట్టాలైన పెట్రెల్, షియర్‌వాటర్ వంటి పక్షులు సముద్రంలో తిండిని వాసనతో పట్టుకుంటాయట. నీళ్ళలోని నాచును చిన్నచిన్న జీవులు తింటున్నప్పుడు డైమిథైల్ సల్ఫైడ్ అనే వాసన లేస్తుంది. మనకి వీధి చివర నుంచే ఎవరింట్లో చారు పోపు పెట్టారో తెలిసినట్టు, ఆ పక్షులకి ఆ వాసన వస్తే అక్కడ భోజనం ఉన్నట్టు. 2016లో కాలిఫోర్నియాలో మాథ్యూ సవోకా అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు కొత్త ప్లాస్టిక్ పూసల్ని సంచుల్లో కట్టి సుమారు మూడు వారాలు సముద్రంలో వేలాడదీశారు. తీసి చూస్తే వాటి నుంచి అదే వాసన! ప్లాస్టిక్ మీద నాచు పడుతుంది, నాచు వాసన వేస్తుంది. ఆ వాసనని నమ్ముకున్న జాతులు మిగతా జాతుల కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా ప్లాస్టిక్ మింగుతున్నాయని వాళ్ళు లెక్క తేల్చారు. అంటే ఎంత బాగా వాసన పట్టగలిగితే అంత ఎక్కువ మోసపోతుందన్నమాట. దీన్ని అజాగ్రత్త అంటారా?

1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి నూనె కలిపి అమ్మితే కాళ్ళు వాచి, గుండె ఆగి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ నూనెతో కూర వండి పిల్లలకి పెట్టిన తల్లులు ఎంతమందో. "తల్లి అజాగ్రత్త" అని వాళ్ళ ఫోటోల మీద ఎవరైనా రాశారా? రాస్తే ఊరుకుంటామా? కల్తీ చేసినవాణ్ణి పట్టుకోమంటాం. సముద్రంలో జరిగింది కూడా కల్తీయే.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి, లేకపోతే నేనూ ఆ ఫోటో కింద రాసినాయనలాంటిదాన్నే అవుతాను. ఫోటోలోని పిల్ల ప్లాస్టిక్ వల్లే పోయిందని ఖచ్చితంగా ఎవరూ అనలేరు. మిడ్‌వేలో పిల్లలు ఆకలితో పోతాయి, ఎండకి నీళ్ళు లేక పోతాయి, పాత సైనిక భవనాల నుంచి రాలిన సీసం రంగు పెచ్చులు తిని పోయాయి కూడా. కడుపులో ప్లాస్టిక్ ఉన్న పిల్లల్లో బతికి ఎగిరిపోయేవీ ఉన్నాయి. అక్కడి పక్షి తల్లిదండ్రులు తెలియక పిల్లలకి తినిపించే ప్లాస్టిక్ ఏటా దాదాపు 5 టన్నులని అమెరికా వన్యప్రాణి శాఖ అంచనా. అంత తిన్నాక ఏది ఎంతవరకు చంపిందో ఒక్కొక్క పిల్లకీ తేల్చడం కష్టం. ఈ లెక్కన "తల్లి చంపింది" అన్నది రెండు రకాలుగా అబద్ధం.

కానీ చావకపోతే బాగున్నట్టేనా? ఇది మనకి బాగా తెలిసిన ప్రశ్న. జ్వరం లేదు కదా అని పిల్లాణ్ణి బడికి పంపే తల్లికి వాడి మొహం చూస్తే ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. ఆస్ట్రేలియాకి తూర్పున లార్డ్ హౌ అనే చిన్న దీవి ఉంది. అక్కడి షియర్‌వాటర్ పక్షుల్ని జెన్నిఫర్ లావర్స్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి చూస్తున్నారు. తొంభై రోజుల పిల్ల ఒక్కదాని కడుపులో 276 ముక్కలు దొరికాయి. 2023లో ఆమె బృందం ఒక కొత్త జబ్బుకి పేరు పెట్టాల్సి వచ్చింది: ప్లాస్టికోసిస్. ముక్కలు గీరీ గీరీ పొట్ట లోపలి పొర పుండుపడి, మానీ మళ్ళీ పుండుపడి, చివరికి మచ్చ కట్టి గట్టిపడిపోతుంది. తిన్నది అరిగించుకునే గ్రంథులు ఆ మచ్చల్లో కలిసిపోతాయి. 2025లో అదే దీవి మీద ఇంకో పరిశోధన వచ్చింది. చూడటానికి బరువుగా, ఆరోగ్యంగా ఉన్న పిల్లల రక్తం తీసి చూస్తే, ప్లాస్టిక్ తిన్నవాటిలో కడుపు, కాలేయం, మూత్రపిండాలు, చివరికి మెదడు కూడా దెబ్బతింటున్న గుర్తులు కనిపించాయి. అవి పుట్టి మూడు నెలలే.

సరే, మరి ఎవరిది తప్పు? మా మరిది లెక్క ప్రకారం బజారుకెళ్ళే ఆడవాళ్ళది. హవాయి దీవుల వరసలోనే ఒక దిబ్బ మీద చచ్చిపడిన ఆల్బట్రాస్ పిల్లల్ని 1966లోనే కోసి చూశారు. దాదాపు నాలుగింట మూడు వంతుల పిల్లల్లో ప్లాస్టిక్ ఉంది. 1966! అప్పటికి మా అమ్మకి పెళ్ళి కాలేదు. అమ్మమ్మ ఇంట్లో ప్లాస్టిక్ అంటే ఒక దువ్వెన, నాలుగు గాజులు. కొట్టుకెళితే కందిపప్పు కాగితం పొట్లంలో పురికొస చుట్టి ఇచ్చేవాడు. నూనెకి మన డబ్బా మనం పట్టుకెళ్ళాలి. సోడా తాగి గోలీసీసా అక్కడే ఇచ్చి రావాలి. మన ఆడవాళ్ళు క్యారీబ్యాగు అనే మాట విననైనా వినని రోజుల్లోనే ఆ పిల్లల కడుపులో అది చేరింది. తయారుచేసేవాళ్ళకి ఆ సంగతి తెలియడానికి అరవై ఏళ్ళ వ్యవధి దొరికింది. ఆ అరవై ఏళ్ళలో వాళ్ళు చేసింది ఏమిటంటే, గోలీసీసాని మాన్పించి, పాలసీసాని మాన్పించి, పొట్లాన్ని మాన్పించి, ఆపైన మన చేతిలో గుడ్డసంచి పెట్టి "ఇక సముద్రం నీ బాధ్యత" అనడం.

ఈ మాట గాల్లోంచి అనడం లేదు. యూరప్‌లో ఉత్తర సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఫుల్మార్ అనే పక్షుల పొట్టలు కోసి, లోపలి ప్లాస్టిక్ తూకం వేసే పని 1980ల నుంచీ చేస్తున్నారు. డచ్చి శాస్త్రవేత్త యాన్ వాన్ ఫ్రానెకర్ మొదలుపెట్టిన పని అది. పదో వంతు గ్రాము కంటే ఎక్కువ ప్లాస్టిక్ ఉన్న పక్షులు నూటికి పదికి మించకూడదని ఆ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి, ఇంకా చేరలేదు. అయితే ఆ లెక్కల్లో ఒక మంచి వార్త ఉంది. ఫ్యాక్టరీలకు ముడిసరుకుగా వెళ్ళే ప్లాస్టిక్ గుళికలు, సగ్గుబియ్యంలా ఉంటాయే, అవి 1980లతో పోలిస్తే ఆ పక్షుల కడుపుల్లో చాలా తగ్గాయి. ఇళ్ళలో ఆడవాళ్ళు మారినందుకు తగ్గలేదు, ఆ గుళికలు మన ఇళ్ళకి రానే రావు. ఫ్యాక్టరీల నుంచీ ఓడల నుంచీ ఒలికిపోవడం తగ్గితే పక్షి పొట్టలో తగ్గింది. పైన పంపు కట్టేస్తే కింద తడి ఆరుతుంది. మనం అరవై ఏళ్ళుగా పంపు తిప్పి వదిలేసి, కింద గుడ్డ పట్టుకుని తుడుస్తున్నాం. తుడిచేది ఎవరో చెప్పక్కర్లేదు.

ఆ గుళికలు మన వైపు ఒలికిన కథ మీకు గుర్తుండే ఉంటుంది. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే ఓడ తగలబడి మునిగినప్పుడు దాదాపు 1,680 టన్నుల గుళికలు సముద్రం పాలయ్యాయి. 2025 మే నెలలో కొచ్చి దగ్గర ఎల్సా 3 ఓడ మునిగితే తిరువనంతపురం తీరం దాకా ఇసుకలో తెల్లగా గుళికలే. లార్డ్ హౌ దీవిలో ఉన్న జాతి పక్షులే పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ గూళ్ళు కడతాయి. అక్కడివి ఏటా చలికాలం గడపడానికి హిందూ మహాసముద్రం దాటి శ్రీలంక, అరేబియా సముద్రం వైపుకే వస్తాయి. మన ఇంటి ముందుకి వచ్చే అతిథులన్నమాట. ఆ రెండు ఓడల్లో ఏ గృహిణి సంచీ ఉంది?

ఇక మన ప్రభుత్వం సంగతి. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని నిషేధించారని అప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఈ మధ్య ఆ జాబితా తీసి చదివాను. చెవిపుల్లలు, ఐస్‌క్రీం పుల్లలు, స్ట్రాలు, ప్లేట్లు, గ్లాసులు, స్వీటు డబ్బాల మీద చుట్టే కాగితం లాంటి ప్లాస్టిక్, అలంకరణకి వాడే థర్మోకోల్. బెలూనుకి తగిలించే పుల్ల కూడా ఉంది. బెలూను లేదు! చిప్స్ ప్యాకెట్ లేదు. షాంపూ పొట్లం లేదు. బిస్కెట్ రేపరు లేదు. సందుల్లో చిన్న షెడ్డు వేసుకుని స్ట్రాలు తయారుచేసేవాడిది జాబితాలో ఉంది, టీవీలో పొద్దస్తమానం ప్రకటనలిచ్చేవాడిది లేదు. తయారుచేసినవాళ్ళే వెనక్కి తీసుకుని శుభ్రం చెయ్యాలన్న నిబంధన మన చట్టంలో ఉందట. ఉంటే మంచిదే. మా వీధిలోకి మాత్రం "అమ్మా, మీ చిప్స్ ప్యాకెట్లు తిరిగి ఇవ్వండి" అని ఇంతవరకు ఎవరూ రాలేదు. ప్రపంచంలో పోగు చెయ్యకుండా వదిలేసి, ఆరుబయట తగలబెట్టే ప్లాస్టిక్‌లో అయిదో వంతు మన దేశానిదేనని 2024లో నేచర్ పత్రికలో లెక్క వచ్చింది. ఏడాదికి 93 లక్షల టన్నులు.

దేశాలన్నీ కలిసి ఒక ఒప్పందం చేసుకుంటామని 2022లో నైరోబీలో తీర్మానించుకున్నాయి. 2024 చివర్లో బూసాన్‌లో కూర్చున్నాయి, కుదరలేదు. 2025 ఆగస్టులో జెనీవాలో కూర్చున్నాయి, అప్పుడూ కుదరలేదు. తగువు ఒక్కటే: తయారీకే హద్దు పెట్టాలా, లేక చెత్తని బాగా ఎత్తితే చాలా? వందకి పైగా దేశాలు హద్దు పెట్టాలన్నాయి. చమురు అమ్ముకునే దేశాలు వద్దన్నాయి. మన దేశం కూడా వద్దన్న వైపే నిలబడింది. ఈ వార్త మా కుటుంబం గ్రూపులో ఎవరూ పంపలేదు.

అయితే మనం ముత్యాలమా? కాదు. ఆ మాట కూడా చెప్పకపోతే ఈ రాసిందంతా దండగ. మాది రాజమండ్రి. కార్తీకమాసంలో తెల్లవారుజామున గోదావరికి వెళ్ళి దీపాలు వదులుతాం. మా అమ్మ అరటిదొప్పలో వదిలేది. అది మర్నాటికి కుళ్ళి చేపలకి మేత అయ్యేది. ఇప్పుడు ఘాటు దగ్గర థర్మోకోల్ ముక్కమీద అంటించిన ప్రమిదలు అమ్ముతున్నారు. ఆరిపోకుండా, మునిగిపోకుండా చాలా దూరం పోతాయని మనం మురిసిపోయి కొంటాం. చాలా దూరం పోతాయి, నిజమే. ధవళేశ్వరం దాటి పాయలు పట్టుకుని బంగాళాఖాతంలోకి పోతాయి. దీపం కొండెక్కుతుంది, థర్మోకోల్ కొండెక్కదు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. ఎవరూ మనల్ని బలవంతపెట్టని చోట, అరటిచెట్టు పెరట్లోనే ఉన్న చోట కూడా మనం అదే కొంటే, అప్పుడు మరిదిగారి మాట మనకి అంటుకుంటుంది.

బెలూన్ల సంగతి కూడా. మా అపార్టుమెంటులో పిల్లల పుట్టినరోజులకి మేడ మీద నుంచి గ్యాసు బెలూన్లు గుత్తిగా ఎగరేయడం ఒక సరదా. 2019లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. సముద్రపక్షి కడుపులో గట్టి ప్లాస్టిక్ ముక్క కంటే బెలూను ముక్క ప్రాణం తీసే అవకాశం 32 రెట్లు ఎక్కువట. మెత్తగా ఉండి గొట్టంలో అడ్డం పడుతుంది. నేను ఈ సంగతి చెప్పబోతే పై అంతస్తు అమ్మాయి, "ఆంటీ, వాడి ఫస్ట్ బర్త్‌డే అండీ, ఇవాళొద్దు" అంది. వాడు మేడమీద నా కొంగు పట్టుకుని ఆడుతున్నాడు. నోరు మూసుకున్నాను. బెలూన్లు ఎగిరాయి, అందరం చప్పట్లు కొట్టాం. ఏం చెయ్యను చెప్పండి, నేనూ అలాంటిదాన్నే.

మా అత్తయ్యగారికి ఈ పక్షుల కథ అంతా చెప్పాను. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. మిడ్‌వేలో విజ్‌డమ్ అనే పేరున్న ఆల్బట్రాస్ ఉందని, దానికి 1956లో కాలికి కడియం తొడిగారని, ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళైనా ఉంటాయని, 2024 చివర్లో మళ్ళీ గుడ్డు పెట్టి పిల్లని లేపిందని చెప్పాను. ముప్ఫై పిల్లల దాకా పెంచి ఉంటుందని అక్కడివాళ్ళ అంచనా. అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, "డెబ్బై నాలుగేళ్ళకి కూడా దానికి వంటింటి నుంచి సెలవు లేదుటే?" అన్నారు. తర్వాత నెమ్మదిగా అడిగారు: "అయితే మొదట్లో అది పెట్టింది మంచి తిండేనన్నమాట. ఎప్పట్నుంచి మారిందో దానికి తెలుసంటావా?" నా దగ్గర జవాబు లేదు.

ఇక గుడ్డసంచి సంగతి తేల్చేద్దామని గత నెల ఒక పని చేశాను. మా ఇంట్లోకి వచ్చిన ప్రతి ప్లాస్టిక్ పొట్లాన్నీ కడిగి, ఎండేసి, దాచిపెట్టాను. పనమ్మాయి నాకు మతి పోయిందనుకుంది. నెలాఖరున మేడ మీద పరిచి లెక్కపెట్టాను. పాల ప్యాకెట్లు 60. నూనెవి 5. పప్పులు, రవ్వ, పిండి, ఉప్పు అలాంటివి 24. బిస్కెట్లు, చిప్స్ 31. షాంపూ 16. సబ్బులు, బట్టల పొడి 9. మాత్రల అట్టలు 14. బజారు నుంచి వచ్చిన క్యారీబ్యాగులు 7. మొత్తం 166. నేను ఎప్పుడూ గుడ్డసంచి పట్టుకునే వెళతాను, పెళ్ళైనప్పటి నుంచీ. ఆ 7 మావారు తెచ్చినవి. మిగిలిన 159 గుడ్డసంచిలోనే, బుద్ధిగా సర్దుకుని, మా ఇంటికి వచ్చాయి.

వాటన్నిటికీ ఒక ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాను. కింద రాశాను: "మరిదీ, ఇది మా నెల సరుకు. ఇందులో ఏది కొనకుండా ఇల్లు గడపాలో, కొనకపోతే దాని బదులు ఏ కొట్లో విడిగా దొరుకుతుందో చెప్పు. నువ్వు చెప్పిన కొట్టుకి రేపే వెళతాను. ఆ పక్షి ఫోటో మాత్రం తీసెయ్యి. ఉంచితే, దానిమీద రాసిన మాటైనా చెరిపెయ్యి."

రెండు రోజులైంది. చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు లేదు. నిన్న రాత్రి మాత్రం మా తోడికోడలు విడిగా ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, "అక్కా, నేను కూడా పోయినవారం నుంచి పొట్లాలు దాస్తున్నాను. ఇంకా నెల కాలేదు, అప్పుడే నూట పది దాటాయి. ఆయన చూసి ఏమిటీ చెత్త అని అడిగారు. ఇంకా చెప్పలేదు" అంది.